ఎర్రగా ఉంచిన పరీక్షలు

బెంగళూరు,
జూన్.

ప్రియమైన బేబికి,

ఈ ఉత్తరం వరమ్మ పిన్ని నీ చేతికిచ్చాక చదివి ఆమె దగ్గరే ఉంచెయ్. ఆఫీసు చాట్‌లో రాయలేను, మెయిల్లో అంతకన్నా రాయలేను. ఫోన్ చేస్తే ప్రతిసారీ మీ ఆయన రాజేషే ఎత్తుతున్నాడు. టెక్కలి హాస్టల్లో ఒకే మంచం మీద చదువుకుని, ఇప్పుడు ఒకే కంపెనీలో పనిచేస్తున్న మనిద్దరం, పలాసలో జాకెట్లు కుట్టుకునే మా పిన్ని ఇంటికి ఉత్తరాలు రాసుకోవలసి వచ్చింది చూడు.

మీరిద్దరూ ఏం పని చేస్తారని పిన్ని అడిగింది. నడుస్తున్న ప్రోగ్రాముని మధ్యలో ఆపి, తప్పు ఎక్కడుందో లోపల వెతికే పనిముట్టుని డీబగ్గర్ అంటారు, మా కంపెనీకి రెండున్నాయి, పాతదాన్ని బేబి చూసుకుంటుంది, నేను కొత్తదాని దగ్గర ఉన్నాను అని చెప్పాను. "ఓలమ్మా, అయితే ఆ రెండూ సవుతులేటే?" అంది. నవ్వాను గానీ, అది నిజమే అయ్యేలా ఉంది.

కస్టమర్లు పాతదాని కమాండ్లకి అలవాటుపడి కొత్తదానికి మారనంటున్నారు. అందుకని పాత కమాండ్లన్నిటికీ కొత్తది అచ్చం పాతదానిలాగే జవాబివ్వాలట. ఇస్తోందో లేదో చూసే పరీక్షలు నేను రాయాలి. నేను రాసిన చిన్న ప్రోగ్రాము, అదే నా స్క్రిప్టు, ఒకే కమాండు రెండింటికీ పంపి జవాబులు పోల్చి చూస్తుంది. కలిస్తే పచ్చ, కలవకపోతే ఎరుపు. మనిషి చెయ్యి పెట్టనక్కర్లేదు, రోజూ దానంతటదే నడుస్తుంది.

నిన్న టీ తాగుతూ మా టీము లీడ్ విజయ్ మెల్లగా చెప్పాడు. "అన్నీ పచ్చబడ్డాక పాతదాన్ని మూసేస్తారు. దాని టీముని కూడా." ఆ టీములో మిగిలింది నువ్వే కదా. నేను రాసే ఒక్కో పరీక్ష నీ ఉద్యోగం కింద మట్టి తవ్వుతోంది. ఏం చేయమంటావు?

ప్రభువు నీకు తోడుండాలి.
నీ గ్లోరీ

*

పలాస,
జూలై.

నా గ్లోరీకి బేబి ముద్దులు.

జాకెట్టు కొలతలకని వచ్చి, పిన్ని మిషను పక్కన కూర్చుని రాస్తున్నాను. మా అత్తగారు కామేశ్వరమ్మ బయట అరుగు మీద ఉంది. నేను ఎక్కడికి వచ్చినా ఆవిడ తోడు వస్తుంది.

పరీక్షలు శ్రద్ధగా రాయి. మాన్యువల్లో లేని సంగతులు నేను చెబుతాను. ఖాళీగా ఎంటర్ నొక్కితే పాతది కిందటి కమాండునే మళ్లీ నడుపుతుంది. కానీ ప్రోగ్రాములోని లైన్లు చూపించమన్న తర్వాత ఖాళీ ఎంటర్ కొడితే మాత్రం అవే లైన్లు చూపించదు, వాటి తర్వాతివి చూపిస్తుంది. ఇంజనీర్ల వేళ్లు దానికి అలవాటుపడిపోయాయి. అది తప్పితే మొదటిరోజే కొత్తదాన్ని అవతల పారేస్తారు. దానికి పరీక్షలు తప్పకుండా పెట్టు.

ఇక్కడ కొత్త సంగతులేమీ లేవు. వెనక గదిలో నా టేబులు, అక్కడినుంచే ఆఫీసు పని, కిటికీ అవతల జీడి బట్టీల పొగ. భోజనం గదిలోకే వస్తుంది. బాగానే చూసుకుంటారు. అమ్మకి కంటి ఆపరేషను అయింది. భావనపాడు వెళ్లి రెండు రోజులుండి వస్తానంటే రాజేష్ "ఆఫీసు ఉన్నాది గదా, ఇప్పుడెలాగెల్తావు?" అన్నాడు. నిజమే, ఉంది. తమ్ముడి పెళ్లప్పుడూ ఉంది.

నా గురించి బెంగపెట్టుకోకు. పని మాత్రం త్వరగా కానియ్.

నీ బేబి

*

బెంగళూరు,
ఆగస్టు.

ప్రియమైన బేబీ,

నువ్వు చెప్పినవన్నీ పెట్టాను. దాదాపు అన్నీ పచ్చబడ్డాయి. ఖాళీ ఎంటర్ పరీక్షలు మాత్రం ఎర్రగా మిగిలాయి.

నిజం నీకొక్కదానికే చెబుతున్నాను. తప్పు కొత్త డీబగ్గర్‌ది కాదు, నా స్క్రిప్టుది. అది కమాండ్లని ఫైల్లోంచి పంపుతోంది. కీబోర్డు ముందు మనిషి లేడని తెలుసుకుని, పాతది ఖాళీ ఎంటర్‌ని పట్టించుకోవడం మానేస్తోంది. కొత్తదానికి ఆ తేడా తెలియదు. మనిషి టైపు చేస్తున్నట్టుగా పంపితే చాలు, జవాబులు రెండూ కలుస్తాయి. ఒక పూట పని. నేను చెయ్యడం లేదు. విజయ్ అడిగిన ప్రతిసారీ "ఇంకా చూస్తున్నాను" అంటున్నాను.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదని నీకు తెలుసు. ఆదివారం చర్చిలో పాట మధ్యలోనే లేచి బయటికొచ్చేశాను. కానీ ఆ ఎరుపు ఉన్నంతకాలం నీ కుర్చీ ఉంటుంది. ఇంకో ఉద్యోగం దొరికేదాకా నిన్ను కాపాడతాను.

నీ గ్లోరీ

*

పలాస.

గ్లోరీ,

టైము లేదు. అత్తగారు ఈసారి లోపలికే వచ్చి కూర్చుంది, మందుల పేర్లు రాస్తున్నానని చెప్పాను. స్క్రిప్టు సరిచెయ్. వెంటనే చెయ్. నన్ను కాపాడకు. ఎందుకో తర్వాత రా

*

బెంగళూరు,
సెప్టెంబరు.

ప్రియమైన బేబీ,

సగంలో ఆగిపోయిన నీ చీటీ అందింది. కోపం వచ్చింది. నీ అభిమానం నాకు తెలియనిది కాదు. హాస్టల్లో జ్వరంతో మూలుగుతూ కూడా నా చేత మంచినీళ్లు తెప్పించుకునేదానివి కాదు. నా మీదికి మాట రాకూడదని నీ ఉద్యోగం పోగొట్టుకుంటానంటే ఒప్పుకుంటానా? ఈ రోజుల్లో ఒక్కసారి బయటపడితే మళ్లీ లోపలికి పిలిచేవాళ్లెవరు?

ఒక శుభవార్త. ఇది పెద్ద సమస్య, చాలా లోతుగా ఉంది అని విజయ్‌కి గట్టిగా చెప్పేశాను. నమ్మాడు. కొత్తదాని విడుదల వచ్చే ఏడాదికి వాయిదా పడింది. నీకు బోలెడంత సమయం దొరికింది. ఇప్పుడైనా ఒకసారి నవ్వవే.

నీ గ్లోరీ

*

పలాస,
నవంబరు.

గ్లోరీకి,

నీ ఉత్తరం చదివి మిషను మీద తలపెట్టి ఏడ్చాను. పిన్ని కంగారుపడి "ఏటయ్యిందే? ఎవరైనా పోయారేటి?" అని అడిగింది. తర్వాత చాలా రోజులు మా ఇంట్లోవాళ్లు నన్ను గడప దాటనివ్వలేదు. ఇవాళ అత్తగారు పెళ్లికి వెళ్లింది కాబట్టి అంతా రాస్తున్నాను.

నేను రెండుసార్లు రాజీనామా ఇచ్చాను. నీకు చెప్పలేదు. రెండుసార్లూ రాజేష్ నా లాప్‌టాప్ తెరిచి, నా పేరుతోనే "ఆవేశంలో రాశాను, క్షమించండి" అని మేనేజరుకి మెయిలు పెట్టాడు. అప్పటినుంచి నా ఫోను ఆయన జేబులోనే ఉంటోంది. మా అమ్మని భావనపాడు నుంచి పిలిపించి, పెద్దమనుషుల మధ్య నిలబెట్టారు. "నీ కూతురికి బుద్ధి సెప్పుకో అప్పలమ్మా. కూకున్న సోట జీతమొత్తంటే ఒద్దంటాదేటి?" అని మా అత్తగారు అంది. అమ్మ అందరికీ దణ్ణం పెట్టి, నా ముఖం చూడకుండా వెళ్లిపోయింది. ఇంకోసారి అమ్మని అలా నిలబెట్టలేను.

కాబట్టి ఈ ఉద్యోగాన్ని నేను మానలేను, గ్లోరీ. ఉద్యోగమే నన్ను మానాలి.

పాత కమాండ్లన్నీ కొత్తదానికి నేర్పించి, పరీక్షలు పెట్టి, పాతదాన్ని మూసేయొచ్చని కంపెనీకి మొదట చెప్పిందెవరనుకున్నావు? నేనే. పరీక్షలకి నీ పేరు చెప్పిందీ నేనే. నీ చేతిలో పడితే ఏ తప్పూ మిగలదని. జీతం ఆగిన రోజున ఈ ఇంట్లో నాతో ఎవరికీ పని ఉండదు, వాళ్లే పొమ్మంటారు. నువ్వు తలుపు తీస్తావని రోజూ ఎదురుచూస్తుంటే, నువ్వు ప్రేమతో బయట గొళ్లెం పెట్టావు. నీకు ముందే చెప్పి ఉండాల్సింది. పిన్నికి ఇచ్చిన కాగితం అత్తగారి చేతిలో పడుతుందేమోనని భయపడ్డాను.

కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. పని కానియ్, అదే పోతుంది.

బేబి

*

బెంగళూరు,
నవంబరు.

బేబీ,

నీ ఉత్తరం మడతపెట్టకుండానే లాప్‌టాప్ తెరిచి స్క్రిప్టు సరిదిద్దాను. అన్నీ పచ్చబడ్డాయి. తప్పు మొదటినుంచీ నా స్క్రిప్టుదే, తెలిసే దాచాను అని విజయ్ దగ్గరికి వెళ్లి చెప్పాను. ఎందుకు దాచావని అడిగితే చెప్పలేదు. అందరి ముందూ చాలా మాటలన్నాడు, ఈ ఏడాది నాకు రావలసిన ప్రమోషన్ ఇక రాదు. విడుదల మళ్లీ ముందుకి జరిగింది. పాతది క్రిస్మస్ లోపే మూసేస్తారు.

నిన్నేమీ అడగకుండానే నీకేం కావాలో నేనే తేల్చేశాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

గ్లోరీ

*

భావనపాడు,
ఫిబ్రవరి.

నా బంగారు గ్లోరీకి,

అమ్మ ఇంటి గుమ్మంలో కూర్చుని రాస్తున్నాను. ఇకమీదట ఇక్కడికే రాయి.

కంపెనీ మెయిలు వచ్చిన రోజున రాజేష్ దాన్ని మళ్లీ మళ్లీ చదివాడు. మేనేజరుకి ఫోన్ చేసి బతిమాలాడు. ఇది మా చేతుల్లో లేదు, ఆ డీబగ్గరే ఇక ఉండదు అన్నారట. లాప్‌టాప్ కొరియర్ వాడు పట్టుకెళ్లాడు. ఖాళీ టేబులు చూస్తూ అత్తగారు కొన్నాళ్లు ఓపికపట్టింది. తర్వాత "ఊరికే కూకుని ఏటి సేత్తావు? మీ యమ్మ దగ్గర కొన్నాళ్లుండి రా" అంది. "సరే అత్తా" అన్నాను. ముఖంలో ఏం కనిపిస్తుందోనని తల ఎత్తలేదు.

వచ్చిన తర్వాత కూడా కొన్నాళ్లపాటు పొద్దున్నే ఉలిక్కిపడి లేచేదాన్ని, లాగిన్ కాలేదని తిడతారేమోనని. సముద్రం దాకా నడిచి, ఎవరైనా పిలుస్తున్నారేమోనని వెనక్కి చూసేదాన్ని. టెక్కలిలో ఒక కాలేజీ వాళ్లు కంప్యూటర్ లాబ్‌కి మనిషి కావాలంటే వెళ్లి అడిగాను. రేపు సోమవారం నుంచి రమ్మన్నారు.

ఇవాళ మధ్యాహ్నం రాజేష్ బండి మీద వచ్చాడు. అమ్మా నేనూ ఎండేసిన చేపలు తిరగేస్తున్నాం.

"ఉజ్జోగం దొరికిందంట గదా. బట్టలు సర్దుకో. పలాస నుంచి రోజూ బస్సులో ఎల్లొద్దువు" అన్నాడు.

నమ్ముతావా గ్లోరీ, నా కాళ్లు వాటంతటవే సంచి కోసం ఇంట్లోకి కదిలాయి. గడప దగ్గర ఆగాను. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

"నేను రాను."

"ఏటి?"

"రానండి. ఇక్కడే ఉంటాను."

పెద్దల్ని తీసుకొస్తానన్నాడు. కేసు పెడతానన్నాడు. చుట్టుపక్కల గుడిసెల్లోంచి ఆడవాళ్లు బయటికొచ్చి చూస్తున్నారు. అప్పుడు అమ్మ చీరకి చేతులు తుడుచుకుంటూ లేచి, చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఎండన పడొచ్చినారు. నీల్లు తాగి ఎల్లండి బాబూ" అంది.

ఆయన తాగకుండానే వెళ్లిపోయాడు. పెద్దలు వస్తారేమో, రారేమో తెలియదు. నాకు భయం పోలేదు. చేపలు బుట్టలకెత్తుతూ మాటిమాటికీ రోడ్డు వైపు చూశాను. చివరి బుట్ట నిండాక అమ్మ "రేపు కాలేజీకి ఎన్నింటికెల్లాలే?" అని అడిగింది.

"పొద్దున్నే, మొదటి బస్సుకి" అన్నాను.

"అయితే బేగి తిని తొంగో."

నీ
బేబి