ఆదివారం నా వంతు

ఎస్సై గారి సముఖమునకు, గాజువాకలో కాపురముంటున్న, పోర్టులో కళాసీగా చేసి రిటైరైన గంగాధరరావు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ఈ ఉదయం నేను చెప్పిన జవాబు సరిచేసుకొనుట గురించియు, మోహనకృష్ణ అను వ్యక్తిపై ఫిర్యాదు గురించియు.

దారి తప్పే కుర్రాళ్లకు పెద్దవాళ్లను తోడుగా ఉంచే కార్యక్రమంలో తమరు నాగవంశీ అను పదిహేడేళ్ల కుర్రాడిని నాకు అప్పగించియున్నారు. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో బాల నేరస్థుల బోర్డు వారు మందలించి వదిలిన కుర్రాడు. తరువాత నాకు వయసు పైబడినదని, షిఫ్టుల్లో కాంట్రాక్టు పని చేసుకునే మోహనకృష్ణను కూడా వేసితిరి. శనివారం అతని వంతు, ఆదివారం నా వంతు. ఇందుమూలముగా మనవి చేయునది ఏమనగా,

1. సదరు మోహనకృష్ణ నా ఆదివారములను ఆక్రమించుకొనుచున్నాడు. నాకు మాటలు తక్కువ. కుర్రాడు వస్తే చేపలు తెచ్చి నేను పులుసు పెడతాను, వాడు అన్నం వారుస్తాడు. తిన్నాక నా మంచం మీద పడుకుని నిద్రపోతాడు. వాడికి వాళ్లింట్లో నిద్ర పట్టదట. నేను పక్కన కూర్చుంటాను. మా కార్యక్రమం అంతే.

2. సదరు వ్యక్తికి బుల్లెట్ కలదు. హెల్మెట్ తను పెట్టుకుంటాడు, కుర్రాడికి పెట్టడు.

3. కుర్రాడు నన్ను తాతా అంటాడు, అతన్ని బావా అంటాడు. మొన్న శనివారం గుమ్మంలో నిలబడే చెప్పాడు.

"తాతా, రేపు నాను రాను. బావ బుల్లెట్ మీద తిప్పుతానన్నాడు."

"నీకు బావెలాగయ్యాడు?"

"బావంటే బావే. ఏటి తాతా, కుళ్లా?"

నాకేటి కుళ్లు, ఎళ్లెళ్లు అన్నాను. చేపలు అప్పటికే తెచ్చేశాను.

4. అందుచేత ఆదివారం సాయంత్రం నేను వాళ్ల వెనుక వెళ్లితిని. ఇది ఎవరికీ చెప్పలేదు. వాళ్లు మా వీధి చివర బయలుదేరగానే షేర్ ఆటో ఎక్కి, ఆ బుల్లెట్ ఎనకాల పోనీ బాబూ అన్నాను.

"ఇది షేర్ ఆటో తాతా. జంక్షన్‌కే ఎల్తాది. ఆడెటెల్తే అటెల్తే ఈలందరూ నన్ను తంతారు" అన్నాడు డ్రైవరు. ఆటోలో ఆడవాళ్లు నవ్వారు.

వాళ్లూ జంక్షన్‌కే వెళ్లారు. పరోటా కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారు. నేను ఎదురుగా బస్సు షెల్టరులో, వాన లేకపోయినా గొడుగు విప్పుకుని కూర్చున్నాను. దీపాలు పెట్టినప్పటి నుంచి వాళ్లు లేచేదాకా కన్ను తిప్పలేదు. కుర్రాడు నేను కొనిపెట్టిన ఆకుపచ్చ చొక్కా వేసుకున్నాడు. పరోటా నోట్లో ఉండగానే నవ్వుతున్నాడు. నా దగ్గర వాడు అలా నవ్వగా నేను ఎరగను. వాడికి ఉల్లిపాయ పడదు. మోహనకృష్ణ వాడి ప్లేటులో ఉల్లిపాయలన్నీ తన ప్లేటులోకి ఏరుకున్నాడు. అదీ చూశాను.

5. అదే సమయంలో దువ్వాడ వైపు ఒక హాస్టలు ముందు బైకు పోయినదట. ఈ ఉదయం కానిస్టేబుల్ గారు మా ఇంటికి వచ్చి, "ఆదివారం నీ వంతు కదా తాతా, కుర్రోడు నీ కాడున్నాడా?" అని అడిగారు. నా దగ్గరికి రాలేదండి అన్నాను. అది నిజమే. అక్కడితో ఆపాను. మాటలు తక్కువై ఆపలేదు అయ్యా. కడుపు మంటతో ఆపాను.

ఆ ఒక్క మాట మీద కుర్రాడిని తెచ్చి తమ బెంచీ మీద కూర్చోబెట్టారు. కుర్రాడు తనతోనే ఉన్నాడని మోహనకృష్ణ వచ్చి చెబితే, బావా బావమరుదులు ఒక్క మాట మీదే ఉంటారని నవ్వి పంపేశారట. పరోటా కొట్టుకు కెమెరా లేదు. రేపు బోర్డు ముందు పెడితే ఈసారి మందలింపుతో పోదు, హోముకు పంపుతారట. అక్కడ వాడు అసలు నిద్రపోడు.

6. కావున నేను ప్రమాణము చేసి చెప్పునది: ఆ సాయంత్రమంతా నాగవంశీ నా కళ్ల ఎదుటనే ఉన్నాడు. బైకు ఎత్తినది వాడు కాదు. మోహనకృష్ణ అంటే నాకు పడదని పై నంబర్లలో స్పష్టముగా వ్రాసియున్నాను. అతని మాట నిలబెట్టడానికి నేను అబద్ధం ఆడనని తమరు నమ్మవచ్చును. ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను. గొడుగు సంగతితో సహా, వాళ్లిద్దరి ఎదుటనే చెప్పమన్నా చెబుతాను.

ఈ నాలుగు ముక్కలు చిత్తగించి కుర్రాడిని ఇంటికి పంపవలెను. వీలైతే నా ఆదివారములు నాకు ఇప్పించవలెను.

తమ మాటకు కట్టుబడిన విధేయుడు,
గంగాధరరావు

మరచితిని: విడిచేటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలని అడిగితే వాడు మోహనకృష్ణ నంబరే చెబుతాడు. షిఫ్టులో ఉంటే అతను ఎత్తడు. నేను స్టేషనుకు ఎదురుగా టీ కొట్టు దగ్గరే ఉన్నాను. ఒక కేక వేస్తే వస్తాను.