వైర్ల టోపీ

రోజక్కా, ఫోన్ చేస్తే నవ్వి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నమస్కారం చివర పెడతాను, ముందు తిట్లు.

ఇంజనీరింగ్ చదివావు, మోటార్లు బాగుచేస్తావనుకున్నాం. మెదళ్ల మీద పరిశోధన చేసి ప్రొఫెసరువయ్యావు. సంతోషమే. కానీ నా తలకు వైర్ల టోపీ పెట్టి తీసిన ఫోటో మీ కాలేజీ వీడియోలో ఎందుకు పెట్టావు? పైగా కింద 'డాక్టర్ రోజారాణి' అని!

తల్లాడ సంబంధం వాళ్లు అది చూశారు. పిల్ల తండ్రి పగిడయ్య మా బొగ్గు గని గేటు దగ్గరికే వచ్చి, అందరి ముందు అడిగాడు.

"ఏం పిలగా, తలకాయకు కరెంటు పెట్టించుకుంటున్నవట? పిచ్చి ఎప్పటి సంది?"

"అది కరెంటు పెట్టేది కాదు మామా, తలలున్న కరెంటు చూసేది."

"తలల కరెంటున్నదా! మా పిల్లకు షాక్ కొడితే?"

గనిలో బొగ్గు మోసే డంపర్లకు వైరింగ్ చేసేవాణ్ణి, నన్ను పట్టుకుని ఆ మాట!

ఆదివారం నువ్వే వచ్చి ఆయనకు చెప్పాలి. లేకపోతే ఈ సంబంధం పోతుంది. డాక్టర్ అనకు, ఇంజనీర్ అను. ఆ టోపీ తెచ్చావో, గోదాట్లో పారేస్తానని రాయబోతుంటే పిల్ల, భవాని, ఫోన్ చేసింది.

"మీ అక్కను టోపీ తెమ్మను. నేను పెట్టుకుంట. నా తలల ఎవరున్నరో మా నాయన కండ్లార చూస్తడు."

టోపీ మరిచిపోకు. నమస్కారం.

నీ తమ్ముడు