సరస్వతి దాహం

ఎమ్మిగనూరు,
మార్గశిర బహుళ పంచమి.

చిరంజీవి గురురాజకు అమ్మ ఆశీస్సులు. మంత్రాలయం రాయరి దయవల్ల ఇంట్లో అందరం కుదురుగా ఉన్నాం. పూనా చలికి నువ్వు కంబళి కప్పుకుంటున్నావని తలుస్తాను.

ఎప్పుడూ మీ నాన్నగారు రాస్తే కింద రెండు ముక్కలు చేర్చేదాన్ని. ఈసారి సంగతి ఆయన చేత రాయించేది కాదు. అందుకే నేనే కలం పట్టాను.

ఆయన మోకాలి నొప్పి అడిగావు. తగ్గింది, మఠం మెట్లు ఎక్కుతున్నారు. శ్రీమంతం ఎప్పుడు, సెలవు ఎప్పుడు పెట్టాలి అని కూడా అడిగావు. నాయనా, శ్రీమంతం లేదు. సరస్వతి కడుపుతో లేదు. బిడ్డ పోవడం కాదు, మొదటినుంచీ లేదు. ఈ మాట మెత్తగా రాసే దారి నాకు దొరకలేదు.

మన ఇళ్ళ సంగతి నీకు తెలుసు. కోడలు నెలకు మూడు రోజులు బయట కూర్చోకపోతే వీధంతా తెలుస్తుంది. నువ్వు శ్రావణంలో రాయరి ఆరాధనకు వచ్చి వెళ్ళిన తరువాత సరస్వతి బయట కూర్చోలేదు. రెట్టింపు తినేది, చెంబులకొద్దీ నీళ్ళు తాగేది. నేను మురిసిపోయి నీకు శుభవార్త రాయించాను. నీళ్ళు తెచ్చే హులిగెమ్మ, "పద్మాబాయమ్మా, నీ కోడలికి మోసి మోసి నా నడుము ఇరిగిపోతాంది. లోపల బిడ్డ ఉందా, చెరువుందా?" అనేది. అందరం నవ్వేవాళ్ళం.

నవ్వనిది సరస్వతి ఒక్కతే. ఒకరోజు దేవరింటి గడప దగ్గర నా పక్కన కూర్చుని మెల్లగా చెప్పింది. "అత్తా, ఇంత తింటాన్నా గాజులు మోచేతి దాకా జారుతాండాయి. దాహం నిద్ర లేపుతాంది. బిడ్డ ఉంటే నేను పెరగాల గదా, తరుగుతాండాను. మీ సంతోషం చెడగొట్టినా సరే, నన్ను డాక్టరుకు చూపించండి."

ఇరవై నిండని పిల్ల. ఇల్లంతా పండగగా ఉన్నప్పుడు అది పండగ కాదని చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆలోచించు. నాకైతే ఉండేది కాదు.

బస్సులో ఆదోనికి వెళ్ళాం. డాక్టరమ్మ మూత్రంలో నీలం మందు కలిపి కాచి చూస్తే అది ఇటుక రంగుకు తిరిగింది. చక్కెర జబ్బు. ఈ వయసులోనా అన్నాను.

"ఈ వయసులోనే తొందరగా ముంచుతాదమ్మా. తింటా చిక్కిపోయేది, ఆగని దాహం, నెలసరి నిలిచిపోయేది, ఇవి కనపడితే కారణం మీకు మీరే ఊహించుకుని ఇంట్లో కూర్చోవద్దు. ఇంకొన్నాళ్ళు శ్రీమంతం మాట్లాడుకుంటా ఉండింటే పిల్ల దక్కేది కాదు," అంది.

ఇక జీవితమంతా రోజూ సూది వేసుకోవాలి. మందు బళ్ళారి నుంచి వస్తుంది, చల్లగా ఉండాలని తడి ఇసుక కుండలో పెడతాం. సరస్వతి తనే సూది కాచుకుంటుంది, తనే తొడకు పొడుచుకుంటుంది. ముఖం చిట్లించదు. మళ్ళీ ఒళ్ళు చేస్తోంది. బిడ్డలు పుట్టరని డాక్టరమ్మ అనలేదు, ముందు కుదుటపడనివ్వమంది.

ఇంతసేపూ రాయలేక ఆపిన మాట ఒకటుంది. ఆ మందు దేనితో చేస్తారని సరస్వతే అడిగింది. కోసిన పశువుల పొట్టలోని గ్రంథి నుంచి తీస్తారట. ఆసుపత్రి వరండాలో నా చేయి పట్టుకుని, "అత్తా, మనది మడి ఇల్లు. మీరు వద్దంటే వేసుకోను," అంది. ప్రాణం సంగతి తెలిసే అంది. నేను రాయరిని తలుచుకున్నాను. "వేసుకో తల్లీ. పాపమంటూ ఉంటే నాకు తగలనీ," అన్నాను. ఆనాటి నుంచి ఆమె చేతి వంటే నైవేద్యం పెడుతున్నాను.

ఆ మందు దేనిదో మీ నాన్నగారికి చెప్పలేదు. అడిగితే అబద్ధం ఆడను. ఆయన అడగరు. పొద్దున్నే లేచి ఆ ఇసుక మాత్రం తడుపుతారు.

సెలవు మానుకోకు, ఆమె కోసం రా. "ఆయన నన్ను ఏలుకుంటారా అత్తా?" అని ఒక్కసారే అడిగింది. నీ తరఫున నేను మాట ఇచ్చేశాను. ఆదోనిలో రైలు దిగేసరికి ఆ మాట నీదై ఉండాలి.

ఈ కాగితాలు నీ దగ్గరే ఉంచుకో నాయనా, ఎవరికీ చూపవద్దు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే అమ్మ,
పద్మాబాయి.