సున్నా మంది వింటున్న రేడియో

ప్రకటనల మంజూరు అధికారి వారి సముఖమునకు,
గవర్నర్‌పేట, విజయవాడ.

ఉయ్యూరు దగ్గర చేనేత కాలనీలో 'కండె రేడియో' నడుపుచున్న ఆమోసు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: శ్రోతలు ఉండి కూడా లేరని తేలుట, తత్ఫలితముగా ప్రభుత్వ ప్రకటనలు ఆగిపోవుట గురించి.

1. రేటింగ్ లేని రేడియోకు ప్రకటనలు ఇవ్వరాదని మార్చిలో తమరు సెలవిచ్చినారు. రేటింగ్ సర్వేకు రుసుము రెండు లక్షల నలభై వేలు. తమ ప్రకటనల మీద మాకు ఏడాదికి వచ్చేది లక్షా తొంభై వేలు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదన్న సామెతను ఉత్తర్వుగా మార్చిన ఘనత తమదే.

2. అయినను స్టూడియో ఏసీ అమ్మి, మిగతాది అప్పు చేసి రుసుము కట్టితిమి. జూన్ పన్నెండున సర్వే ఉద్యోగి నూటపది ఇళ్లు తిరిగినాడు. ఫలితం: శ్రోతలు సున్నా. ఆ నూటపదిలో మా ఇల్లు కూడా ఉన్నది. తలుపు తీసినది మా అమ్మ సంపూర్ణమ్మ.

3. విచారించగా తేలినదేమనగా, మోసగాళ్లు పెరిగినందున "ఇంటికొచ్చి వివరాలు అడిగే కొత్తవారికి ఏమీ చెప్పకండి" అను హెచ్చరికను రోజుకు ఆరుసార్లు ఉచితముగా ప్రసారం చేయమని తమ కార్యాలయమే ఆదేశించి ఉన్నది. మా అనౌన్సర్ జెస్సికా శ్రద్ధగా చదివినది. జనం అంతకన్నా శ్రద్ధగా విన్నారు.

4. ఉదాహరణకు, మగ్గం మీద ఉన్న హనుమాయమ్మగారిని "ఇంట్లో రేడియో ఉందాండీ?" అని సర్వే ఉద్యోగి అడిగినాడు. అప్పటికే ఆమె రేడియోను నూలు గంప కింద దాచినది గాని, కట్టేయడం మరచినది.

"లేదు బాబూ."

"మరి లోపల మాట్లాడేది ఎవరండీ?"

"మా కోడలు. దానికి కాస్త వాగుడెక్కువలే."

సదరు కోడలు అప్పుడు రైతుబజారు టమాటా ధర చదువుచున్నది.

5. "రోజూ వింటారుగా పిన్నిగారూ, ఉందని చెప్తే ఏం పోయింది?" అని నిన్న నేను అడిగితిని. "చెప్పొద్దంది మీరేగా నాయనా. రేడియోలో చెప్పాక చెయ్యకుండా ఎట్టా ఉంటాం?" అన్నది.

6. మళ్లీ సర్వేకు మళ్లీ రుసుము. "ఈసారి నిజం చెప్పండి" అని ప్రసారం చేయుదమంటే, శ్రోతలను ప్రభావితం చేయరాదని నిబంధన. ప్రభావితం కావడానికి శ్రోతలు సున్నా కదండీ అని అడిగితే, సర్వే సంస్థవారు ఫోన్ పెట్టేసినారు.

7. ఈ నెలాఖరుకు స్టేషన్ మూత. పదకొండేళ్లు నడిపినాను. వినేవాళ్లు లేక మూతపడితే నోరు మూసుకొని ఊరుకుందును. ఇంత బాగా విన్నందుకు మూతపడుట నా వల్ల కావడం లేదండీ. ఏడుపొస్తోంది.

కావున మా సున్నాను మరొకసారి దయతో పరిశీలించి, ప్రకటనలు ఇప్పించ ప్రార్థన. చెప్పుకొనుటకు వేరే కార్యాలయం లేదు గనుక తమరే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆమోసు

తా.క.: ఇవాళ పొద్దున జెస్సికా నన్ను అడగకుండానే మైకులో, "మా రేడియో వినేవాళ్లంతా సోమవారం పదింటికి గవర్నర్‌పేటలో ప్రకటనల ఆఫీసుకొచ్చి, వింటున్నామని ఆఫీసరుగారికి ఒక్కొక్కరే చెప్పండి" అనేసింది. తమరు కంగారుపడకండి, సర్వే లెక్క ప్రకారం ఎవరూ రారు. కాకపోతే ఉయ్యూరులో ఐదు బస్సులు మాట్లాడుకున్నారని ఇప్పుడే తెలిసింది.