వ్యాసంలో పట్టని పేజీ

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ మామయ్యగారు, అత్తయ్యగారు, మీ చెల్లెలు పిచ్చుక, నేను అందరం కులాసాగా ఉన్నాం. మీరు కూడా వేళకు తింటూ, ఎండలో ఎక్కువ నిలబడకుండా, ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

ముందు మంచి మాట చెప్పేస్తాను, దాచుకోలేను. మన పిచ్చుకకి కాలేజీలో సీటొచ్చింది. నిన్న పొద్దున తెలిసింది. మామయ్యగారు ఆ కబురు అత్తయ్యగారికి వినబడాలని కుడి చెవిలో అరిచి చెప్పేసరికి వీధి చివర దర్జీ కూడా కత్తెర పట్టుకుని వచ్చేశాడు, ఎవరికేమైందోనని. ఇన్నాళ్ళకి మా అందరికీ గుండెల మీద బండ దిగినట్టయింది. నాకైతే మరీను. ఎందుకో కింద రాస్తాను.

మీరు అడిగినవాటికి జవాబులు. మామయ్యగారి మోకాలు నయం. మెట్లు ఎక్కుతున్నారు, ఎక్కుతూ మూలిగేది మాత్రం మానలేదు. పంపు కారడం ఆగింది. హోటల్లో నాకు పని మారింది. ఇప్పుడు దుప్పట్లు ఉతికే గదిలో కాదు, మడతపెట్టే గదిలో. చేతులు పొడిగా ఉంటున్నాయి. ఇక ఫోనులో ఊఁ, ఆఁ తప్ప ఎందుకు మాట్లాడవన్నారు. ఫోను నా దాకా వచ్చేసరికి అత్తయ్యగారు ఒక పక్క, పిచ్చుక ఒక పక్క కూర్చుని నా మొహంలోకే చూస్తుంటారు. అత్తయ్యగారికి వినబడాలని స్పీకరు పెడతారు. మీరు అటు నుంచి "ఏమోయ్" అనగానే ఇల్లంతా నవ్వు. ఇక నేనేం మాట్లాడను?

పోయిన ఉత్తరంలో ఇంకొకటి అడిగారు. "కాలేజీకి రాసే వ్యాసంలో అన్నయ్య గురించి ఏమైనా రాసిందా, లేక మమ్మల్ని మరిచిపోయిందా?" అని. దానికి జవాబు చివర చెబుతాను. కోపం తెచ్చుకోకుండా అంతా చదవండి.

వినికిడి తగ్గినవాళ్ళకి పరీక్ష చేసి, చెవి మిషన్లు అమర్చే చదువు కదా అది. ఈ చదువే ఎందుకు కావాలో ఆరు వందల మాటలు మించకుండా రాసి పంపమన్నారు. మన పిచ్చుక సంగతి తెలిసిందేగా, నోరు తెరిస్తే ఆగదు. రాసి చూసుకుంటే రెండింతలకు పైగా తేలింది. అప్పటి నుంచి ఇంట్లో ఇదే రభస.

మామయ్యగారు ఒక్క మాట కూడా తియ్యనివ్వలేదు. "ప్రెస్సులో జన్మంతా అచ్చులు పేర్చిన చెయ్యే ఇది. పేజీ అడుగున జాగా మిగిలితే మా ప్రొప్రయిటరు ఊరుకునేవాడా? పువ్వుల గీత వేసైనా నింపేవాళ్ళం. ఖాళీ వదిలితే పని ఎగ్గొట్టారంటారు."

"నాన్నా, ఇక్కడ మిగలడం కాదు, పొంగిపోతోంది. ఆరు వందలు దాటితే కంప్యూటరు తీసుకోదు."

"తీసుకోకపోవడానికి అదెవరు?" అన్నారాయన.

అత్తయ్యగారు, "ఎవరొచ్చారు?" అంటూ తలుపు దగ్గరికి వెళ్ళి చూసొచ్చారు.

చివరికి వాళ్ళ టీచరమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఏమీ తెలియని మనిషికి చదివి వినిపించమంది. ఎక్కడ ఆ మనిషి దిక్కులు చూస్తే అక్కడ కొట్టెయ్యమంది. ఏమీ తెలియని మనిషి అనగానే ముగ్గురూ నా వైపు తిరిగారు. నాకేం కష్టం వెయ్యలేదు. ఐదో తరగతితో ఆగినదాన్ని, నిజమే కదా.

సెలవు రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. చదవడం మామయ్యగారి వంతు. ప్రెస్సులో ప్రూఫులు చదివిన అలవాటేమో, కామా వస్తే "కామా" అని, చుక్క వస్తే "ఫుల్‌స్టాపు" అని పైకి చదువుతారు. బళ్ళో ఎన్ని బహుమతులొచ్చాయి, ఏ పోటీలో ఎన్నో స్థానం, కామా, ఇంకో బహుమతి, కామా... ఆ తర్వాత నాకు తెలియదు. నిద్రపోయాను. గురక కూడా పెట్టానట. అది మాత్రం నమ్మకండి.

లేచేసరికి పిచ్చుక కళ్ళనిండా నీళ్ళు. "నా సీటు నిద్రపోయింది పో!" అంటోంది. సిగ్గుతో చచ్చిపోయాను. మామయ్యగారు మాత్రం పెన్సిలు తీసి, "ఏడుస్తావేమే, తప్పు దొరికిందిగా!" అని నేను నిద్రపోయిన చోట గీత పెట్టి, అక్కడి నుంచి మళ్ళీ చదువుతూ నేను తల వాల్చిన చోటల్లా కొట్టేశారు. బహుమతులు పోయాయి, పోటీలు పోయాయి. సామెతలు పోయాయి. నేను మెలకువగా విన్నవి రెండే మిగిలాయి.

ఒకటి అత్తయ్యగారి సంగతి. మిల్లులో మగ్గాల మోతకి ఆవిడ చెవులు మందగించడం, పిచ్చుక చిన్నప్పటి నుంచి ఆవిడకి చెవిగా తిరగడం. బజార్లో వెనక బండి వస్తే కొంగు లాగడం, పొరుగావిడ వేళాకోళమాడితే దాన్ని మంచి మాటగా మార్చి చెప్పడం. రెండోది మీ గురించి రాసిన పేజీ. ఏదో ఒకటైతే పడుతుంది. రెండూ పట్టవు.

"అన్నయ్య లేకుండా నేను పంపను" అంది పిచ్చుక.

"నన్ను తీసెయ్యండి, నా చెవుల గోల ఎవడిక్కావాలి?" అని అత్తయ్యగారు.

గొడవెందుకని రెండింటినీ సగం సగం చేసి మళ్ళీ చదివారు. ఈసారి నిద్రపోలేదు. కానీ రెండు దుప్పట్లు చింపి ఒకటిగా కుట్టినట్టుంది. ఎవరూ కప్పుకోలేరు. "ఏమంటావమ్మాయ్?" అని మామయ్యగారు అడిగారు. ఈ ఇంట్లో నన్ను ఒక సంగతి తేల్చమని అడగడం అదే మొదలు. 

"ఆయన పేజీ తీసెయ్యండి" అన్నాను.

పిచ్చుక లేచి నిలబడింది. "నీ మొగుడే కదా వదినా!"

"అందుకే."

"అందుకే అంటే?"

ఎలా చెప్పానో నాకే తెలియదు. "ఆ పేజీ వింటుంటే నాకు రెప్ప పడలేదు. కానీ అయ్యాక చూస్తే అందులో నువ్వు కనబడలేదే. ఆయనే కనబడ్డారు. వాళ్ళు చేర్చుకునేది ఆయన్ని కాదు కదా. మీ అమ్మ సంగతి చదివితే ఈ పిల్ల ఈ చదువు కోసమే పుట్టిందనిపిస్తుంది. అది ముక్కలు చెయ్యకుండా పంపు."

 పిచ్చుక ఆ పూట నాతో పలకలేదు. మర్నాడు తనే అత్తయ్యగారి భాగం మొత్తంగా పంపించింది. ఇంకా రెండు వందల మాటలకి చోటు మిగిలింది. "ఒక్క పువ్వుల గీతైనా పెట్టవే" అని మామయ్యగారు బతిమాలారు. "చెప్పాల్సింది అయిపోయింది నాన్నా" అంది.

ఇదండీ సంగతి. ఆ వ్యాసంలో మీరు లేరు. మిమ్మల్ని తీయించింది నేనే. కబురొచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. సీటు రాకపోతే ఆ పాపం నాదే. వచ్చినా, చెల్లెలి చదువుకోసం ఊరు కాని ఊళ్ళో వెల్డింగు మిషను పట్టుకున్న మనిషిని సొంత భార్యే పక్కకి నెట్టిందని మీకు అనిపిస్తే ఏం చెయ్యను? ఫోనులో చెప్పలేకపోయాను. మీ చెల్లెలు, "అన్నయ్యకి నేను సర్దిచెబుతాలే వదినా" అంది. వద్దు, నేనే రాస్తానన్నాను. రాసేశాను. ఇప్పుడు ఊపిరాడుతోంది.

ఆ పేజీ వినేదాకా నాకు తెలియదు. మీరు ఇక్కడే ఊళ్ళో పనిలో చేరిన కొత్తల్లో వెల్డింగు వెలుగు తగిలి కళ్ళు మండిపోతుంటే తడిగుడ్డ వేసుకుని పడుకునేవారట. పక్కన ఆ పిల్లని కూర్చోబెట్టి పాఠం చదివించుకునేవారట. వాక్యం ఆగితే చాలు, "ఊఁ, తర్వాత?" అనేవారట. అన్నయ్యకి పాఠాలంటే ఇష్టమనుకుని ఇంకా ఇంకా చదివేదట. అది తనని చదివించడం కోసమని పెద్దయ్యాక తెలిసిందట. పెళ్ళయి రెండేళ్ళయింది, కళ్ళ సంగతి నాకెందుకు చెప్పలేదు? ఇప్పుడు అద్దాలు పెట్టుకుంటున్నారా? దీనికి మాత్రం తప్పకుండా జవాబు రాయండి.

పిచ్చుక ఆ కాగితం పారెయ్యబోతే నేను తీసి పెట్టాను. ఇందులో పెట్టి పంపుతున్నాను. అది కాలేజీవాళ్ళకి రాసిన మాట కాదండీ, మీకు రాసింది. ఎదురుగా చెప్పడానికి మొహమాటపడి వాళ్ళకి చెప్పుకుంది. గదిలో తోటివాళ్ళు లేనప్పుడు చదువుకోండి. పిచ్చుకని అడిగే పంపుతున్నాను. "అన్నయ్య నవ్వుతాడేమో వదినా" అని భయపడింది. నవ్వరని నేను మాటిచ్చాను.

ఇట్లు,
మీ రాక కోసం చూసే
మీ ఇల్లాలు