కాకుల చట్టంపై బాలమణి గారి అభ్యంతరం

బంగారీ,

నువ్వు కనబడక వచ్చే నెలకి ఏడాది. ఇంగ్లీషులో నాకు రాయొచ్చిన అడ్రసు నువ్వు నేర్పిన మీ ఆఫీసుదొక్కటే, అందుకని అక్కడికే రాస్తున్నా. నీ సంవత్సరీకానికి ఇంటి వెనక డెక్ మీద కాకులకి ముద్ద పెడతానంటే పక్కింటి జగదీష్, "వద్దాంటీ, ఈ స్టేట్‌లో అది నేరం, ఫైన్ వేస్తారు" అన్నాడు. వందేళ్ళనాటి చట్టమట. మీ నాన్నకి పెట్టినన్నేళ్ళూ ఎవరూ ఏమనలేదు. పాత చట్టాలు ఏరి తీయించడమే కదమ్మా నీ ఉద్యోగం, దీన్నెట్లా వదిలేశావు?

ఇట్లు,
అమ్మ బాలమణి

తా.క. గుత్తి వంకాయ చేస్తా. ఉప్పు చాల్లేదని ఏ కాకి మూతి తిప్పితే అది నువ్వే.

•

గౌరవనీయులైన బాలమణి గారికి,

మా చట్టాల సవరణ కమిషన్‌కు అందే ప్రతి ఉత్తరాన్నీ ప్రజాభిప్రాయంగా నమోదు చేసి జవాబివ్వాలని నియమం. మీది పదిహేడోది. ముద్ద అందక నష్టపోయేది బంగారి గారు కనుక, పన్నెండో తేదీ విచారణకు ఆమె స్వయంగా హాజరు కావాలి.

భవదీయురాలు,
త్రివేణి

తా.క. ఆమెకు పార్కింగ్ పాస్ జతచేశాను. నేను ఇక్కడే పుట్టాను, తెలుగు వీకెండ్ క్లాసుల్లో నేర్చుకున్నాను. తప్పులుంటే క్షమించండి.

•

త్రివేణమ్మకి ఆశీస్సులు.

బంగారి నా కూతురు ప్రణవి. మీ ఆఫీసులోనే పనిచేసేది. కారు ఆక్సిడెంట్‌లో పోయింది. పోయినవాళ్ళు కాకిగా వచ్చి ముద్ద తింటారమ్మా మనకి. కాబట్టి అది హాజరవ్వాలంటే ముందు మీరా చట్టం తీసెయ్యాలి.

బాలమణి

తా.క. కాకికి పార్కింగ్ ఎందుకు గానీ, పాస్ దాచుకున్నా. దాని పేరు మీద ఏదైనా వచ్చి చాన్నాళ్ళయింది.

•

ఆంటీ,

నన్ను క్షమించండి. నేను చేరి మూడు నెలలే. కూర్చునేది ప్రణవి గారి సీట్లోనట. ఆ చట్టం తీసేద్దామని ఆఫీసంతా ఫైళ్ళు వెతికితే అసలు చట్టమే లేదు. కిందటేడే రద్దయింది. రద్దు చేయమని రాసింది ప్రణవి గారే. కారణం దగ్గర, "మా అమ్మ ఏటా నాన్న తద్దినానికి ఈ నేరం చేస్తుంది. ఆపడం ప్రభుత్వం వల్ల కాదు" అని ఉంది.

మీ త్రివేణి

తా.క. రద్దు కాపీలు రెండు పంపుతున్నా. ఒకటి జగదీష్ గారి తలుపుకి అంటించండి.

•

త్రివేణీ,

ముద్ద పెట్టాను. కాకులొచ్చి రెయిలింగ్ మీద కూర్చున్నాయి గానీ ఒక్కటీ ముట్టలేదు. పోయినవాళ్ళకి తీరని కోరికుంటే అంతే, మాటివ్వాలి. మందులు వేసుకుంటానన్నా. ఏడవనన్నా. కదల్లేదు. చివరికి, "నువ్వు వదిలిపెట్టిన పాత చట్టాలు నేను ఏరి పంపిస్తాలేవే" అన్నాను. అనడమే ఆలస్యం, ఒకటి దూకి వంకాయతో సహా ఎత్తుకుపోయింది. ఇదిగో మొదటి విడత, నలభై ఒకటి. జగదీష్ వెతికి పెడుతున్నాడు, ఆఫీసుకి సెలవు పెట్టించాను.

ఆశీస్సులతో,
బాలమణి ఆంటీ

తా.క. అన్నిటికీ నువ్వే జవాబు రాయాలిగా. వేళకి కడుపునిండా అన్నం తిను తల్లీ.