కెమెరా ఉన్నదే తీసుకున్నాను

యూసుఫ్‌గూడ,
శుక్రవారం.

మన తిరుమలేశ్ నాన్నగారికి, కొమురమ్మ దండం పెట్టి రాస్తున్నది. పెద్దమ్మతల్లి దయవల్ల నేనూ, అబ్బాయీ బాగానే ఉన్నాం. ఆ అడవిలో షూటింగు దగ్గర మీరూ, మీ లైట్ల డిపార్ట్‌మెంటు వాళ్లూ చల్లగా ఉన్నారని తలుస్తాను. సామాన్ల వ్యాను రేపు తెల్లారే మీ లొకేషన్‌కు బయల్దేరుతుందట. అందుకే వంట పక్కన పెట్టి రాయడానికి కూర్చున్నాను.

మీరు అడిగినవి ముందు చెప్తాను. నల్లా రోజు విడిచి రోజు వస్తోంది. అబ్బాయికి మాదాపూర్ ఐటీ కంపెనీ క్యాబ్‌లో పగటి డ్యూటీ వేశారు, ముఖం కాస్త తేటపడింది. నా మోకాలు అట్లాగే ఉంది. మొన్న ఫిల్మ్‌నగర్‌లో పెళ్లి సీను. పొద్దున ఆరింటికి నిలబెట్టినవాళ్లు మూడింటికి గాని కూర్చోనివ్వలేదు. పద్దెనిమిదేళ్లుగా ఎవరెవరి పెళ్లిళ్లకో అక్షింతలు వేస్తున్నాను. ఈ మధ్య ఇంటికొచ్చి దీపం పెట్టడానికి కూడా ఒళ్లు లేవడం లేదు.

ఇక ఫోను. మా జూనియర్ ఆర్టిస్టులకు పనులు చెప్పే చలపతిరావుగారు ఇప్పుడు పిలుపులన్నీ వాట్సాప్‌లోనే పెడుతున్నారు. ముందు జవాబిచ్చినవాళ్లకే పని. నా పాత ఫోను తెరుచుకునేలోపు జాబితా నిండిపోతోంది. "బ్యాటరీ పెద్దది చూసి తీస్కో, ఆదివారం సిగ్నల్ కోసం గుట్టెక్కి ఫోను చేసినప్పుడల్లా నీ ఫోను బందే ఉంటున్నది" అని మీరు రాశారు. అది మనసులో పెట్టుకునే పక్కింటి నిహారికను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను.

దుకాణం ఆయన ఒకే ధరకు రెండు చూపించాడు. "గిది రెండు దినాలు చార్జింగ్ ఆగుతది, ఫోటో గింతే. గిది ఫోటో కిరాక్ వస్తది, మాపటికి చార్జింగ్ ఖతం."

"అంకుల్ రాసిన పెద్ద బ్యాటరీదే తీస్కో ఆంటీ. గీ వయసుల సెల్ఫీలు దిగుతవా ఏంది?" అని నిహారిక నవ్వింది.

నేనూ నవ్వి, మంచి కెమెరా ఉన్నదే తీసుకున్నాను. ఎందుకని ఆ పిల్ల దారంతా అడిగింది. ఆమెకు చెప్పలేదు. మీకు చెప్పకుండా ఉండలేను.

పది రోజుల కింద చలపతిరావుగారు పిలిచారు. "కొమురమ్మా, హీరో తల్లి వేషం. నాలుగు రోజుల పని, రెండు డైలాగులు కూడా ఉన్నాయి. కాకపోతే భర్త పోయిన ఆవిడ పాత్ర. బొట్టు లేకుండా ఫోటో పంపమంటున్నారు. ఆ పాత ఫోనులో తీసిన మసక మొహం మాత్రం పంపకమ్మా" అన్నారు. నావల్ల కాదండీ అనాలి. అనలేదు.

కొత్త ఫోను ఇంటికి తెచ్చి, దేవుడి ముందు పెట్టి, దానికి నుదురు ఎక్కడో తెలియక పైన నడిమధ్య కుంకుమ పెట్టాను. ముఖం తీసే కెమెరా అక్కడే ఉందట. మొదటి ఫోటో అంతా ఎర్రగా వచ్చింది. ముందు దాని బొట్టు తుడిచాను. తర్వాత నాది తుడిచాను. పుస్తెలు రవికెలోకి తోసుకున్నాను.

రెండు నిమిషాలే. కానీ మీరు అంత ఎత్తున లైట్లు కట్టే మనిషి. ఆ గడియలో ఎక్కడ ఎక్కి ఉన్నారో అన్న ఆలోచన వచ్చి, గబగబా మళ్లీ బొట్టు పెట్టుకున్నాను. మర్నాడు పెద్దమ్మ గుడికి నడిచి వెళ్లి చెంపలేసుకున్నాను. అమ్మవారు ఏమీ అనలేదు, మోకాలు మాత్రం అంది. అక్కడి కుంకుమ పొట్లం కట్టి పంపుతున్నాను. పైకెక్కే ముందు తప్పకుండా పెట్టుకోండి.

ఫోటో వాళ్లకు నచ్చిందట. సోమవారం లోపు జవాబు చెప్పమన్నారు. వద్దనాలనే ఉంది. కానీ ఆ సీన్లన్నీ మంచం మీద కూర్చునే ఉంటాయని చలపతిరావుగారు చెప్పారు. ఒక్క సినిమాలోనైనా కూర్చుని మాట్లాడాలని ఉంది. ఎటూ తేల్చుకోలేక అలిసిపోయాను.

వేషమే కదా, పొమ్మంటే పోతాను. వద్దంటే ఆ ఫోటో తీసేసి మళ్లీ ఊసెత్తను. నా మనసు నొప్పించకూడదని మాత్రం సరే అనకండి. ఎల్లుండి గుట్టెక్కి ఫోను చేయండి. పొద్దున్నుంచీ చార్జింగు వైరు పెట్టుకునే కూర్చుంటాను. సిగ్నల్ అందితే వీడియోలో చేయండి. ముందు బొట్టు పెట్టుకున్న నా ముఖం చూడండి. ఆ తర్వాత చెప్పండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ ఇల్లాలు,
కొమురమ్మ